సర్వీస్ డిజైన్ – విశ్వవిద్యాలయ విద్యార్థి అనుభవం

ప్రవేశం, ఫీజు, వసతి, గ్రంథాలయం, పరీక్షలు, పట్టా వంటి విశ్వవిద్యాలయ సేవలను వాటిని వాడుకునే విద్యార్థి వైపు నుంచి పరిశీలించి, తిరిగి తీర్చిదిద్దే పద్ధతి. కుర్చీ చేసేవాడు కొలతలు తీస్తాడు, బొమ్మ గీస్తాడు, నమూనా చేసి కూర్చుని చూస్తాడు. హాస్టల్ గది కేటాయింపుకో, పరీక్ష ఫీజు కట్టించుకోవడానికో అలాంటి బొమ్మ సాధారణంగా ఎవరూ గీయరు. అవి ఉత్తర్వు మీద ఉత్తర్వుగా, ఫారం మీద ఫారంగా పేరుకుపోయి ఏర్పడతాయి. వస్తువుకు చూపే శ్రద్ధనే సేవకూ చూపాలన్నది సర్వీస్ డిజైన్ మూల భావన. దీనికి ‘సేవా రూపకల్పన’ అన్న తెలుగు మాట ఉన్నా వాడుకలో ఇంగ్లీషు పేరే నిలిచింది.

విశ్వవిద్యాలయం తనను తాను శాఖలుగా చూసుకుంటుంది: అడ్మిషన్ల విభాగం, అకౌంట్స్, ఎగ్జామ్ బ్రాంచ్, హాస్టల్ ఆఫీసు, స్కాలర్‌షిప్ సెక్షన్. ప్రతి శాఖకూ తన రిజిస్టరు, తన ముద్ర, తన భోజన విరామం ఉంటాయి. విద్యార్థికి మాత్రం ఇవన్నీ కలిసి ఒకే పని, కాలేజీలో చేరడం. ఒక గది నుంచి మరో గదికి కాగితం మోసే పని ఏ ఉద్యోగి విధుల్లోనూ రాసి ఉండదు కాబట్టి అది విద్యార్థి మీద పడుతుంది. అతడు జీతంలేని జవాను. ఏ శాఖను విడిగా తనిఖీ చేసినా అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి, ఫైళ్లు గడువులోగా కదిలినట్టే ఉంటాయి. శాఖకూ శాఖకూ మధ్య వరండాలో ఏం జరుగుతోందో ఏ నివేదికలోనూ ఉండదు. సర్వీస్ డిజైన్ తన దృష్టిని పెట్టేది ఆ వరండా మీదే.

పుట్టుక

ఈ పద్ధతి మొలకెత్తింది బ్యాంకుల్లో. అమెరికా బ్యాంకింగ్ రంగంలో ఉన్నతోద్యోగిగా పనిచేసిన జి. లిన్ షోస్టాక్ 1982లోనూ, 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలోనూ రాసిన వ్యాసాల్లో ‘సర్వీస్ బ్లూప్రింట్’ను ప్రతిపాదించింది. ఆమె తీసుకున్న ఉదాహరణ వీధి మూలన బూట్లు పాలిష్ చేసే మనిషి. దులపడం, రంగు పూయడం, మెరుగు పెట్టడం, డబ్బు తీసుకోవడం అన్న నాలుగు అంచెలకూ కలిపి మామూలుగా రెండు నిమిషాలు పడుతుందనీ, అయిదు నిమిషాల దాకా గిరాకీ ఓర్చుకుంటాడనీ లెక్కవేసింది. తప్పు రంగు పూసే ప్రమాదం ఎక్కడ ఉందో గుర్తు పెట్టింది. ఆ బొమ్మలో ఒక అడ్డగీత ఉంది. గీతకు పైన గిరాకీకి కనిపించే పనులు, కింద రంగు డబ్బా కొని తెచ్చుకోవడం వంటి కనిపించని పనులు. తరువాత నలభై ఏళ్లలో ఈ విద్యకు చేరిన పనిముట్లన్నింటిలోనూ ఆ అడ్డగీత కంటే పదునైనది లేదు.

ఇది మార్కెటింగ్ నుంచి డిజైన్ విద్యలోకి అడుగుపెట్టింది జర్మనీలో. కొలోన్ డిజైన్ కళాశాలలో మైకేల్ ఎర్‌హోఫ్ 1991లో దీన్ని పాఠ్యాంశంగా ప్రవేశపెట్టాడు. అక్కడే 1995లో బిర్గిట్ మాగర్ సర్వీస్ డిజైన్ ఆచార్యురాలైంది. 2001లో లండన్‌లో ‘లివ్‌వర్క్’ సంస్థ మొదలైంది. 2004లో ‘సర్వీస్ డిజైన్ నెట్‌వర్క్’ ఏర్పడింది. మార్క్ స్టిక్‌డార్న్, యాకోబ్ ష్నైడర్ సంకలనం చేసిన ‘దిస్ ఈజ్ సర్వీస్ డిజైన్ థింకింగ్’ 2010 చివర్లో వచ్చాక ఈ మాట డిజైనర్ల బయట కూడా వినబడసాగింది. ప్రభుత్వ సేవల్లో దీన్ని పెద్ద ఎత్తున వాడి చూపింది 2011లో మొదలైన బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్.

విశ్వవిద్యాలయాల్లోకి

విద్యార్థి చదువు మధ్యలో ఎందుకు మానేస్తాడన్న ప్రశ్నను సర్వీస్ డిజైన్ కంటే ముందే విద్యా సామాజికశాస్త్రం అడిగింది. మానేసినవాడికి తెలివి చాలకపోవడం ఒక్కటే కారణం కాదనీ, సంస్థలోని చదువుతోనూ మనుషులతోనూ అతడు ఎంతవరకు కలిసిపోగలిగాడన్నది చూడాలనీ అమెరికాకు చెందిన విన్సెంట్ టింటో 1975లో వాదించాడు. దానితో కొంత బాధ్యత విద్యార్థి మీద నుంచి సంస్థ మీదకు జరిగింది. అమెరికాలో కొన్ని సంస్థలు రిజిస్ట్రార్, ఫీజు, ఆర్థిక సహాయం కౌంటర్లను ఒకే కప్పు కిందకు తెచ్చి ‘వన్ స్టాప్’ కేంద్రాలు పెట్టాయి. 1990ల తొలినాళ్లలోనే ఇలాంటి భవనం కట్టిన డెలవేర్ విశ్వవిద్యాలయం వీటిలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. అయితే కౌంటర్లను పక్కపక్కన చేర్చినంత మాత్రాన వాటి రిజిస్టర్లు మాట్లాడుకోవు. చాలాచోట్ల ఒకే హాల్లో అయిదు క్యూలు వచ్చాయి, అంతే.

బ్రిటన్‌లో ఊపు తెచ్చింది డబ్బు. ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు 1998లో ఏడాదికి వెయ్యి పౌండ్లతో మొదలై, 2006లో గరిష్ఠంగా 3 వేలకు, 2012లో 9 వేలకు పెరిగింది. 2005లో చివరి సంవత్సరం విద్యార్థుల అభిప్రాయాలు సేకరించే జాతీయ సర్వే మొదలై, దాని ఫలితాలు ర్యాంకుల పట్టికల్లోకి ఎక్కాయి. ‘విద్యార్థి అనుభవం’ అన్నమాట పరిపాలన భాషలో స్థిరపడింది ఈ కాలంలోనే. 2010 ప్రాంతంలో డర్బీ విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యలో సాంకేతికతకు తోడ్పడే జిస్క్ సంస్థ నిధులతో, దరఖాస్తు నుంచి నమోదు పూర్తయ్యేదాకా విద్యార్థి నడిచే దారిని బ్లూప్రింట్‌గా గీసి పరిశీలించింది. ఈ రంగంలో తొలి ప్రయత్నాల్లో అదొకటి. నమోదునే ఎంచుకోవడంలో తెలివి ఉంది. అన్ని శాఖలూ ఒకేసారి ఒకే మనిషిని తాకేది ఆ వారమే.

బ్లూప్రింట్ ఎలా గీస్తారు

పని మొదలయ్యేది నడవడంతో. డిజైనర్ విద్యార్థి అనుమతి తీసుకుని రోజంతా అతని వెంట తిరుగుతాడు. దీన్ని షాడోయింగ్ అంటారు. కొందరు విద్యార్థుల చేత డైరీలు రాయిస్తారు, ఫోటోలు తీయిస్తారు. దొరికిన దాన్ని ఒక పొడవాటి కాగితం మీద ఎడమ నుంచి కుడికి, కాలక్రమంలో పరుస్తారు. ఇది ప్రయాణ పటం. ఎక్కడ ఆగాడు, ఎవరిని అడిగాడు, ఏ నిమిషాన విసుగొచ్చింది అన్నవి ఇందులో ఉంటాయి. దీని కింద సంస్థ లోపలి పనుల వరుసలు చేర్చితే బ్లూప్రింట్ అవుతుంది. మేరీ జో బిట్నర్, ఎమీ ఆస్ట్రమ్, ఫెలిసియా మోర్గన్ 2008లో రాసిన వ్యాసం ఇందుకు అయిదు వరుసలను స్థిరపరిచింది: చేతికి వచ్చే రుజువులు, వాడుకరి చర్యలు, కనిపించే సిబ్బంది చర్యలు, కనిపించని సిబ్బంది చర్యలు, వాటికి దన్నుగా ఉండే వ్యవస్థలు.

డిగ్రీ పూర్తయిన విద్యార్థికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ కావాలనుకుందాం. ఉద్యోగంలో చేరడానికి వారం గడువుంది. మొదటి వరుసలో మార్కుల మెమో, ఫీజు రసీదు, దరఖాస్తు. రెండో వరుసలో అతని పనులు: కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోవడం, ఫీజు కట్టడం, బస్సెక్కి విశ్వవిద్యాలయానికి రావడం, ఎగ్జామ్ బ్రాంచ్ ఏ బ్లాకులో ఉందో అడుక్కోవడం. మూడో వరుసలో కిటికీ వెనక గుమాస్తా దరఖాస్తు తీసుకుని ‘రేపు రండి’ అంటాడు. ఇక్కడ అడ్డగీత. గీత కింద సెక్షన్‌లో మరొకరు ట్యాబులేషన్ రిజిస్టరు తీసి మార్కులు సరిచూస్తారు, సూపరింటెండెంట్ పొట్టి సంతకం పెడతారు, ఫైలు అధికారి బల్ల మీదకు వెళుతుంది, ఆయన మీటింగులో ఉంటారు. అట్టడుగు వరుసలో ఫీజు వచ్చిందో లేదో చెప్పే బ్యాంకు సాఫ్ట్‌వేరు, మర్నాటి ఉదయం గాని తాజా కాని జాబితా.

ఇలా గీశాక రెండు సంగతులు బయటపడతాయి. మొదటిది, ‘రేపు రండి’ అన్న గుమాస్తాది పొగరు కాదు. ఫైలు ఏ బల్ల మీద ఉందో చూసే వీలు అతనికీ లేదు. గీతకు పైనున్నవాడు గీత కింద ఏం జరుగుతోందో తెలియకుండా రోజుకు వందమందికి జవాబు చెబుతున్నాడు. విసుక్కునే ఉద్యోగికి మర్యాద మీద శిక్షణ ఇప్పించడం సంస్థలకు అలవాటైన వైద్యం. ఫైలు జాడ అతని తెరమీద కనబడేలా చేయడం ఈ పద్ధతి సూచించే వైద్యం. రెండోది, ప్రిన్సిపాల్ సంతకం ఎందుకు అవసరమో చాలాసార్లు ఎవరికీ గుర్తుండదు. కాలేజీకి బాకీలు లేవని తెలుసుకోవడానికి ఎప్పుడో పెట్టి ఉంటారు. ఆ సంగతి ఇప్పుడు వేరే దారిన తెలుస్తున్నా సంతకం మాత్రం మిగిలిపోయింది. అంచెను మెరుగుపరచడం కంటే తీసేయడం మేలైన చోట్లు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

ఆ తరువాత విద్యార్థులనూ గుమాస్తాలనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి మార్పులు ఆలోచిస్తారు. దీన్ని సహ రూపకల్పన అంటారు. కొత్త ఫారాన్ని కాగితం మీద గీసి పదిమంది చేత నింపించి చూస్తారు. కొత్త సాఫ్ట్‌వేరు కొనడం, కొంటే గింటే, అన్నిటికీ చివర. భారతీయ విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతాయి. పాత కౌంటరులోని గందరగోళం యథాతథంగా వెబ్‌సైటులోకి ఎక్కుతుంది.

గ్రంథాలయంలో

ఈ రంగంలో చదవడానికి అత్యంత ఆసక్తికరమైన పని జరిగింది ప్రవేశాల కార్యాలయాల్లో కాదు, గ్రంథాలయాల్లో. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం మానవశాస్త్రవేత్త నాన్సీ ఫ్రైడ్ ఫోస్టర్‌ను తీసుకుని తమ విద్యార్థులను ఒక తెగను పరిశీలించినట్టు పరిశీలింపజేసింది. ఆమె, సూజన్ గిబ్బన్స్ సంపాదకత్వంలో ఆ ఫలితాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. విద్యార్థులకు కెమెరాలిచ్చి తాము చదువుకునే చోట్లను ఫోటో తీయమన్నారు. క్యాంపస్ మ్యాపు ఇచ్చి రోజంతా ఎక్కడెక్కడ తిరిగారో గుర్తు పెట్టమన్నారు. లైబ్రేరియన్ల లెక్కకూ విద్యార్థుల రోజుకూ పొంతన కుదరలేదు. రెఫరెన్సు బల్ల దగ్గర సిబ్బంది పగలు ఉంటున్నారు, వ్యాసాలు రాయడం రాత్రి జరుగుతోంది. అంతకంటే వింత, వ్యాసం మీద సలహా కావలసినప్పుడు చాలామంది ఇంటికి ఫోన్ చేస్తున్నారు. దాంతో గ్రంథాలయం తల్లిదండ్రులనే పిలిచి, కొత్త విద్యార్థుల పరిచయ దినాల్లో వారికి ఫలహార విందు పెట్టి, ‘మీ పిల్లలు అడిగితే మా దగ్గరకు పంపండి’ అని చెప్పడం మొదలుపెట్టింది. సేవను వాడేది విద్యార్థే అయినా దారి చూపేది మరొకరు కావచ్చన్నది ఇందులో గమనించవలసిన విషయం.

ఆరెగాన్‌లోని రీడ్ కాలేజీ గ్రంథాలయంలో పనిచేసిన జో మార్కెజ్, ఆనీ డౌనీ ఈ అనుభవాలను సర్వీస్ డిజైన్ భాషలోకి తెచ్చి 2016లో గ్రంథాలయాల కోసం ప్రత్యేక పుస్తకం రాశారు.

డబ్బు, ఫారాలు

విద్యార్థి అనుభవమంటే రంగుల గోడలు, మెత్తటి సోఫాలు అనుకునే ధోరణి ఒకటుంది. చదువు నిలిచేదీ ఆగేదీ అంతకంటే చిన్న చోట్ల. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం ప్రతి సెమిస్టరులోనూ ఫీజు పూర్తిగా కట్టని విద్యార్థుల పేర్లు జాబితాల నుంచి తీసేసేది. వారిలో చాలామంది బాకీ కొన్ని వందల డాలర్లే. 2011 నుంచి అలాంటివారికి, వారు అడగకముందే, చిన్న మొత్తాల గ్రాంటు జమచేయడం మొదలుపెట్టింది. 2012లో విద్యార్థుల రికార్డుల్లో దాదాపు 800 ప్రమాద సూచికలను రోజూ గమనించి సలహాదారులను హెచ్చరించే ఏర్పాటు చేసింది. 2016 వేసవిలో చేరబోయే విద్యార్థులకు ఫోన్ సందేశాల్లో జవాబిచ్చే ‘పౌన్స్’ అనే చాట్‌బాట్‌ను తెచ్చింది. సీటు తీసుకుని కూడా వేసవిలో ఫారాల మధ్య చిక్కి చేరకుండా పోవడాన్ని అక్కడ ‘వేసవిలో కరిగిపోవడం’ అంటారు. లిండ్సే పేజ్, హంటర్ గెల్‌బాక్ 2017లో ప్రచురించిన ప్రయోగ ఫలితాల ప్రకారం, చేరతామని నిశ్చయించుకున్నవారిలో ఈ కరగడం సుమారు 21 శాతం తగ్గింది. అర్ధరాత్రి పన్నెండింటికి ‘ఈ ఫారం ఎక్కడివ్వాలి’ అని సిగ్గుపడకుండా అడగగలగడం ఆ ఏర్పాటులోని సుగుణం.

సమాచారం ఇస్తే చాలదని చూపిన మరో ప్రయోగం 2012లో ప్రచురితమైంది. ఎరిక్ బెటింగర్ బృందం, అమెరికాలో పన్ను రిటర్నులు నింపిపెట్టే ‘హెచ్ అండ్ ఆర్ బ్లాక్’ సంస్థ కార్యాలయాల్లో, పేద కుటుంబాలకు పన్ను కాగితాల్లోని వివరాలతోనే కేంద్ర ఆర్థిక సహాయ దరఖాస్తు ‘ఫాఫ్సా’ను నింపి ఇచ్చింది. అదనంగా పట్టింది పది నిమిషాల లోపు. ఆ కుటుంబాల్లో హైస్కూలు పూర్తిచేస్తున్న పిల్లలు తరువాతి మూడేళ్లలో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసిన నిష్పత్తి 28 నుంచి 36 శాతానికి చేరింది. ఎంత సహాయం వస్తుందో చెప్పి, ఫారం మీరే నింపుకోండని వదిలేసిన కుటుంబాల్లో ఏ మార్పూ లేదు. పమేలా హెర్డ్, డొనాల్డ్ మొయినిహాన్ 2018 నాటి పుస్తకంలో ఇలాంటి భారాన్ని మూడుగా విడదీశారు: తెలుసుకోవడానికయ్యే ఖర్చు, నిబంధనలు తీర్చడానికయ్యే ఖర్చు, మనసు పడే ఖర్చు.

అదే ఫాఫ్సా తరువాత ఎదురు పాఠం కూడా నేర్పింది. 2020 నాటి చట్టం ప్రకారం వందకు పైగా ఉన్న ప్రశ్నలను బాగా కుదించారు. అడ్డగీతకు పైభాగం చక్కబడింది. కిందిభాగం సిద్ధం కాలేదు. ఏటా అక్టోబరులో తెరిచే దరఖాస్తు 2023 డిసెంబరు 30న గాని మొదలవలేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులున్న విద్యార్థులు ఆన్‌లైన్‌లో ముందుకు కదలలేకపోయారు. విశ్వవిద్యాలయాలకు రికార్డులు చేరడం 2024 మార్చిలో గాని మొదలుకాలేదు. చిన్న ఫారం ఉన్నంత మాత్రాన చిన్న క్యూ ఉండదు.

అభ్యంతరాలు

ప్రధాన అభ్యంతరం ‘వాడుకరి’ అన్న మాట మీదే. విద్యార్థిని కొనుగోలుదారుగా చూస్తే కష్టమైన పాఠం కూడా చెడ్డ సేవగా కనిపిస్తుందని, మార్కెట్ భాష విద్యను ‘పొందే వస్తువు’గా మార్చేస్తుందని మైక్ మోల్స్‌వర్త్, ఆయన సహచరులు 2009లో రాశారు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. తేడా ఎక్కడంటే, గణితంలో చిక్కు లెక్క కష్టంగా ఉండటం చదువులో భాగం, ఫీజు రసీదు కోసం మూడు బ్లాకులు తిరగడం కాదు. ఈ రెండు కష్టాలనూ కలిపేసేవాళ్లు రెండువైపులా ఉన్నారు.

ప్రమాద సూచికల విషయంలో వేరే చిక్కుంది. పాత లెక్కల్లో వెనకబడిన వర్గాలు వెనకబడినట్టే కనిపిస్తాయి కనుక, యంత్రం కొత్త విద్యార్థిని కూడా అదే చూపుతో చూసి తేలికైన కోర్సుల వైపు నెట్టే ప్రమాదాన్ని విమర్శకులు ఎత్తిచూపారు.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

ఇక్కడ సర్వీస్ డిజైన్ అన్న పేరు పెట్టుకోకుండానే అలాంటి పనులు కొన్ని జరిగాయి. సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం ఉదయాన్నే ఆయన ఇంటి గుమ్మం దగ్గర నిలబడిన తరం ఇంకా ఉంది. 2014లో కేంద్రం స్వీయ ధ్రువీకరణను ప్రోత్సహించడంతో ఆ అంచె క్రమంగా పోయింది. ఒక్క పైసా సాఫ్ట్‌వేరు ఖర్చు లేకుండా జరిగిన మెరుగుదల అది. కళాశాలలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని, సరిచూసి వెంటనే తిరిగివ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులో ప్రకటించింది. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ మదింపులో విద్యార్థి సంతృప్తి సర్వే 2017లో చేరింది. కొత్త విద్యార్థుల పరిచయానికి యూజీసీ ‘దీక్షారంభ్’ మార్గదర్శకాలు 2019లో, అంబుడ్స్‌పర్సన్‌తో కూడిన ఫిర్యాదుల నిబంధనలు 2023లో వచ్చాయి. సర్వే, ఫిర్యాదు రెండూ జరిగిపోయిన దాన్ని చూస్తాయి, దారి గీయవు.

దారి గీయడానికి దగ్గరగా వచ్చింది తెలంగాణలో 2016లో మొదలైన ‘దోస్త్’. అంతకుముందు డిగ్రీలో చేరాలంటే ఎన్ని కాలేజీలకు ప్రయత్నిస్తే అన్ని దరఖాస్తులు కొనాలి, అన్నిచోట్లకూ తిరగాలి. దోస్త్ ఆరు విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలను ఒకే దరఖాస్తు కిందకు తెచ్చింది: నమోదు, వెబ్ ఆప్షన్లు, విడతలవారీగా సీటు కేటాయింపు, సెల్ఫ్ రిపోర్టింగ్. బస్సు చార్జీల లెక్కలో చూసినా ఇది పెద్ద మార్పు. చిక్కు మొదటి మెట్టులోనే వచ్చింది. నమోదుకు ఆధార్‌తో ముడిపడిన మొబైల్ నంబరు కావాలి. గ్రామీణ కుటుంబాల్లో ఆ నంబరు తండ్రిదో, మార్చేసిన పాత సిమ్ముదో అయ్యేది. సహాయ కేంద్రాలు, ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వ మొబైల్ యాప్ ‘టీ యాప్ ఫోలియో’లో సెల్ఫీ ద్వారా గుర్తింపు వంటి పక్కదారులు వేయవలసి వచ్చింది.

విద్యార్థి ఫీజును ప్రభుత్వం భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రయాణ పటం ఇంకా చిక్కైనది. ప్రభుత్వం, కళాశాల, విద్యార్థి అన్న త్రికోణంలో డబ్బు ఆలస్యమైతే ఒత్తిడి పడేది మూడో కోణం మీద. బకాయి చూపి సర్టిఫికెట్లు ఆపిన కళాశాలల వార్తలు ఏటా వచ్చేవే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో ‘విద్యా దీవెన’ (అక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం) సొమ్మును నేరుగా తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టినప్పుడు ఈ బొమ్మలో కొత్త పాత్ర చేరింది. తల్లి ఖాతా నుంచి గడువులోగా కళాశాలకు కట్టడమన్న కొత్త అంచె కూడా చేరింది.

అమెరికా చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థికి దారి విశ్వవిద్యాలయపు గేటుకు చాలా ముందే మొదలవుతుంది: ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం), సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు, వీసా స్లాటు, ఇంటర్వ్యూ. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ రావడానికి ముందు ఇంటర్వ్యూ కోసం చెన్నై వెళ్లేవారు. ఏ విశ్వవిద్యాలయం గీసిన పటంలోనూ ఆ రాత్రి రైలు ఉండి ఉండదు.

తెలుగు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఈ సేవలన్నింటికీ అసలు కౌంటరు నెట్ సెంటర్. మండల కేంద్రం బస్టాండు పక్కన రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు ప్రవేశాల తేదీల కాగితం. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) దరఖాస్తు దగ్గర నుంచి వెబ్ ఆప్షన్ల వరస దాకా అక్కడి కుర్రాడే సలహాదారు. ఏ కాలేజీ ముందు పెట్టాలో అతనే చెబుతాడు. రోచెస్టర్ విద్యార్థులకు తల్లిదండ్రులు చేసిన పని ఇక్కడ అతను చేస్తాడు. అతన్ని పిలిచి ఫలహారం పెట్టిన విశ్వవిద్యాలయం గురించి వినలేదు. పాస్‌వర్డు అతని నోటుపుస్తకంలో ఉంటుంది. చాలాసార్లు ఫారంలో రాసిన ఫోన్ నంబరూ అతనిదే. సీటు వచ్చిందన్న సందేశం ముందు అతనికే చేరుతుంది, విద్యార్థికి కబురు ఊరి బస్సులో వెళుతుంది.